చూసి చెప్తాను

రావులపాలెంలో ఏ కరెంటు స్తంభం చూసినా
లెక్కలకి ఒకాయన, ఫిజిక్సుకి ఇద్దరు,
స్పోకెన్ ఇంగ్లీషుకి గుండుసూది గుచ్చే చోటు లేనంతమంది.
ఎకనామిక్సుకి మాత్రం ఒక్క కాగితమ్ముక్క లేదు.
సైకిలు మీద ఆరు గెలలు, హ్యాండిలు ఓ పక్కకి లాగేస్తుంటే
తలెత్తి చదువుకుంటూ పోయాను
ఏటిగట్టు దిగిన దగ్గర్నుంచి మార్కెట్ యార్డు దాకా.

మా కెజియా ఇంటర్లో సీఈసీ తీసుకుంది.
"ఎంపీసీలో సీటు రాలేదా?" అన్నారు అందరూ,
జ్వరమొచ్చిందా అన్నట్టు.
రాకపోవడం కాదండి, వద్దంది.
వద్దన్న పిల్ల త్రైమాసికంలో నూటికి ముప్పయ్యొకటి తెచ్చుకుని
ఆ పేపరు బియ్యం డబ్బాలో దాచింది.
వాళ్ళమ్మ మస్కట్ వెళ్ళాక
అన్నం వండేది నేనేనని మర్చిపోయింది.

కొత్తపేటలో రిటైరైన లెక్చరరు గారు
పడక్కుర్చీలోంచి లేవకుండా నోట్సు చెప్పారు.
కామా దగ్గర "కామా" అన్నారు,
ఫుల్‌స్టాప్ దగ్గర "ఫుల్‌స్టాప్".
పది రోజులకి రెండు పెన్నులు అయిపోయాయి.

ఎంబీయే చేసిన కుర్రాడొకడు
సెల్లులో ఎర్రగీతలూ పచ్చగీతలూ చూపించి
డీమ్యాట్ అకౌంటు తెరవమన్నాడు. పిల్లని కాదు, నన్ను.

కోచింగ్ సెంటరు మేనేజరు ఏసీ కింద కూర్చుని
"ఆ సబ్జెక్టుకి పిల్లలు లేరండి, అందుకని మాస్టారు లేరు" అన్నాడు.
"మాస్టారు లేరని పిల్లలు రావట్లేదేమో" అన్నాను.
మూతి ఓ పక్కకి వంచి నవ్వాడు.
కెజియా పుస్తకంలో ఉదాసీనతా వక్రరేఖ అని ఓ బొమ్మ ఉంది.
మెట్లు దిగుతూ చెప్పింది, "ఇదే నాన్నా అది" అని.
ముప్పయ్యొకటి వచ్చాక పిల్ల నవ్వడం అదే మొదలు.

మాణిక్యాంబ గారు యార్డులో కాటా దగ్గర చిట్టా రాస్తారు.
ఏడేళ్ళుగా నా గెలలు రాసిన చెయ్యి.
దూరవిద్యలో ఎమ్మే ఎకనామిక్స్ చేశారని
టీకొట్టు అబ్బులు చెప్పేదాకా నాకు తెలియదు.

నెలకి ఎనిమిది వందలన్నాను.
పన్నెండన్నారు.
"ఆ గంటలో రెండు కొట్ల లెక్కలు రాసుకుంటే అంతొస్తుంది.
అది వదులుకుని మీ పిల్ల దగ్గర కూర్చోవాలి.
వదులుకున్నదే ధర."
నేను బేరమనుకున్నాను.
పిల్ల పుస్తకం తీసి రాసుకుంది.

మొదటి రోజు ఆ పుస్తకం మూయించేశారు.
"మొన్న గాలివానకి లంకలో తోటలు పడిపోయాయి.
అమృతపాణి రేటు పెరిగింది కదా,
మరి మీ నాన్న చేతికి డబ్బెందుకు తగ్గింది?"
పిల్ల తప్పు చెప్పింది. ఆవిడ తిట్టలేదు, దిద్దలేదు.
కాటా ముల్లు ఆగేదాకా చూసినట్టు
చూస్తూ కూర్చున్నారు.
మళ్ళీ చెప్పింది. అదీ తప్పే.
మూడోసారికి పిల్ల గొంతు మారింది.
నేను బయట గోనెపట్టా మీద కూర్చుని
అరటినార పీకుతూ విన్నాను.

ఇంకోరోజు ఏదో అడిగింది, ప్రశ్నే నాకర్థం కాలేదు.
"అది నాకు తెలియదమ్మా. చూసి చెప్తాను" అన్నారు.
కొత్తపేట పడక్కుర్చీ ఎన్నడూ ఆ మాట అనలేదు.
ఆ సాయంత్రం రెండో నెల డబ్బు కూడా ముందే ఇచ్చేశాను.

ఇప్పుడు ఇంట్లో నా లెక్కలు తీస్తోంది.
ట్రిప్పుకి ఎన్ని గెలలు, టైరు ఎన్నాళ్ళొస్తుంది,
పంచరెంత, టీ ఎంత.
"నీ నడుముకి ఎంత వేశావు నాన్నా?"
నడుముకి వెయ్యడమేంటే అన్నాను.
"సొంతదైనా ఖర్చేగా. పుస్తకంలో ఉంది."
బామ్ డబ్బాకి నలభై రాసుకోమన్నాను.
రాయలేదు. ఆ గడి ఖాళీగా ఉంచింది.

పొద్దున్న కాటా దగ్గర మాణిక్యాంబ గారిని అడిగాను,
ఆ గడిలో ఎంత వెయ్యాలండీ అని.
కలం ఆగింది.
వెనకాల బొంత గెలలోడు తొందరపెడుతున్నాడు.
"చూసి చెప్తాను" అన్నారు,
నా పేరు ఎదురుగా ఆరు అని వేస్తూ.